ఏడు ఉతుకుల తెలుపు

జూన్ 3

ఏడు ఉతుకుల వదినగారికి,

నీ ఆడపడుచు వినయంగా రాసుకునేది ఏమిటంటే... కంగారు పడకు, వినయం ఇక్కడితో అయిపోయింది. ఇలా మొదలుపెడితే నీకు ఒళ్ళు మండుతుందని తెలిసే మొదలుపెట్టాను.

రెండేళ్ళ కిందట మీ షాపు మెట్లు దిగుతూ "నీతో ఫోన్లో మాట్లాడితే ఒట్టు" అన్నాను కదా. ఉత్తరం రాయనని అనలేదు. అన్నయ్యతో మాట్లాడదామంటే ఆ షాపులో ఉన్నది ఒకటే ఫోను, అది ఎప్పుడూ నీ చేతిలోనే ఉంటుంది. అందుకని ఈ బస్సు పార్సిల్లో టీషర్టుతో పాటు కాగితం కూడా పెడుతున్నాను.

విశేషం చెబుతాను, కూర్చుని చదువు. ఇక్కడి బ్లడ్ బ్యాంకు వాళ్ళు జూలై ఇరవైన రక్తదానం గురించి ఊరంతా పరుగు పెట్టిస్తున్నారు. దానికి ఆరువందల ఎర్ర టీషర్టులు, ఒక్కోదాని ఛాతీ మీద అరచేయంత తెల్లటి చుక్క. ఆర్డరు నాకే ఇచ్చారు. రక్తపు చుక్క తెల్లగా ఎందుకుందని అడక్కు. ఎర్ర గుడ్డ మీద ఎర్ర చుక్క వేస్తే కనపడదని వాళ్ళ పెద్ద డాక్టరమ్మే చెప్పింది. ఈ పని ఆవిడకి నచ్చితే ఆసుపత్రి యూనిఫాంలన్నీ ఇకమీదట నావే. నచ్చకపోతే నా షాపుకి తాళం వేసి, మీ షాపులో ఫ్రేములు కడగడానికి రావాలి. ఆ రెండోది జరగకూడదని ఎంత పట్టుదలగా ఉన్నానో నీకు వేరే చెప్పాలా?

నీ స్క్రీన్ ప్రింటింగ్‌లాగా ఫ్రేముకి జాలీ గుడ్డ బిగించి, మందు పూసి, ఆరబెట్టి, కడిగి, రంగు పోసి, రబ్బరుతో గీసి గీసి భుజాలు పడిపోయే పని కాదు నాది. బొమ్మని యంత్రం ఓ పల్చటి ఫిల్మ్ మీద ముద్రిస్తుంది. వెనక జిగురు పొడి చల్లుతుంది. దాన్ని టీషర్టు మీద పరిచి హీట్ ప్రెస్ మూత దించితే, పదిహేను లెక్కపెట్టేలోపు అంటుకుంటుంది. ఫిల్మ్ లాగేస్తే అయిపోయింది. గోళ్ళలో రంగు ఉండదు. నువ్వు నమ్మవు గానీ, నేను ఇప్పుడు తెల్ల చీర కట్టుకుని పనికి వెళ్తున్నాను.

ఇందులో పెట్టిన శాంపిల్ నీకోసం కాదు, అన్నయ్య కోసం. ఒక గుండీ చేతికిస్తే ఒక్కసారి చూసి అచ్చం అదే రంగు కలిపిన మనిషి. నాన్నంతటివాడే "వీడిది కన్ను కాదు, తక్కెడ" అన్నాడు. ఊరంతా కన్ను మేస్త్రి అని ఊరికే అంటారా? వాడు చూసి తెలుపు అంటే తెలుపు. నువ్వేమంటావో నాకు అనవసరం.

ఇట్లు,
తెల్ల చీర

*

జూన్ 10

తెల్ల చీర గారికి,

నీ పార్సిల్ చేరింది. విప్పగానే నీ గొప్పలన్నీ బయటికొచ్చి షాపంతా నిండాయి. కిటికీలు తీసి కాసేపు గాలాడనిచ్చి, ఆ తర్వాత పని మొదలుపెట్టాం.

అయితే నీ కొత్త విద్య ఏమిటంటే, కాగితం మీద బొమ్మ వేసి, వెనక జిగురు రాసి, ఇస్త్రీ చేసి అంటించడం. ఇది మనం మూడో తరగతిలో పుస్తకాల అట్టల మీద చేసేవాళ్ళం. దీనికి అంత పెద్ద యంత్రం కావాలా? వేళాకోళం కాదు, నిజంగా చెబుతున్నాను, దాని పక్కనే ఓ ఇస్త్రీ టేబులు కూడా వేసుకో. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు వీధిలో వాళ్ళ చొక్కాలకీ లుంగీలకీ పనికొస్తుంది.

పోయిన ఏడాది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అన్నావు. గుర్తుందా? సెక్యూరిటీ వాళ్ళ వానకోట్ల మీద కంపెనీ గుర్తు దారంతో కుట్టి పంపావు. ఎంత ముద్దుగా ఉందో అని చుట్టాలందరికీ ఫోటో కూడా పంపావు. సూది దిగిన ప్రతిచోటా చిల్లు పడుతుందని, ఆ చిల్లులోంచి నీళ్ళు దిగుతాయని తట్టిందా నీకు? మొదటి వానకే నలభై మంది గేటు దగ్గర నిలబడి, సరిగ్గా గుండె మీద కంపెనీ గుర్తు ఆకారంలో తడిశారు. కోటు విప్పినా గుర్తు కనపడిందంటే ఎంబ్రాయిడరీ చరిత్రలో నీదే మొదటి పేరు.

ఇక అసలు సంగతి. మామయ్యగారు పెట్టిన నియమం నీకు మర్చిపోవడం తేలిక, నాకు కాదు. ఈ షాపు గుమ్మం తొక్కిన ఏ ముద్రయినా వేడి సబ్బునీళ్ళలో ఏడుసార్లు ఉతికి, ఏడుసార్లు ఎండలో ఆరేసిందాకా దాని గురించి మంచీ చెడూ మాట్లాడకూడదు. ఉతికాను. మొదటి ఉతుక్కే నీ చుక్క ఊడి బకెట్లో తేలుతుందని ఆశపడ్డాను, దాచడమెందుకు. తేలలేదు. అంచు లేవలేదు, పగల్లేదు. ఏడో ఉతుకు తర్వాత కూడా తెల్లగానే ఉంది. నాకు నచ్చలేదు గానీ, నిలిచింది.

మీ అన్నయ్యకి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసి, "తెలుపే, పంపమను" అన్నారు. కుశలమే. ఈమధ్య రంగులు కలపడం నేనే చూసుకుంటున్నాను. ఆయన రబ్బరు స్క్వీజీతో రంగు లాగుతున్నారు. లాగడంలో ఆయన చెయ్యి ఇప్పటికీ ఊళ్ళో ఎవరికీ లేదు.

ఇట్లు,
బకెట్ పక్కన కూర్చున్న వదిన

*

జూన్ 14

వదినా,

నీ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి షాపులో గోడకి తగిలిద్దామనుకుంటున్నాను. "నాకు నచ్చలేదు గానీ, నిలిచింది." ఈ ముక్క నీ కలంలోంచి ఊడిపడటానికి పదిహేనేళ్ళు పట్టింది. మా టైలరమ్మకి చదివి వినిపించాను. ఇద్దరం టీ తాగి పండగ చేసుకున్నాం.

వానకోట్ల మాట ఎత్తావు. ఎత్తుతావని తెలుసు. ఆ నలభై కోట్లకీ లోపలినుంచి టేపు అంటించి తిరిగిచ్చాను, ఆ సంగతి ఎవరికీ చెప్పవేం?

కానీ ఒక్క మాట నాకు మింగుడు పడలేదు. "రంగులు కలపడం నేనే చూసుకుంటున్నాను." అంటే ఇంకా అదే నడుస్తోందన్నమాట. ఆ రోజు నేనేం చూశానో మర్చిపోలేదు వదినా. స్కూలు వాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అన్నయ్య రంగు కలుపుతున్నాడు. నువ్వు విసురుగా వచ్చి, వాడి చేతిలో గరిట లాక్కుని, డబ్బా మీద మూత పెట్టి, "మీరు లోపలికెళ్ళండి" అన్నావు. పరాయివాళ్ళ ముందు. నాన్న చేతిలోంచి అన్నయ్య చేతికొచ్చిన గరిట అది. వాడు తల దించుకుని లోపలికి వెళ్ళాడు. ఎందుకలా చేశావని అడిగితే "నీకెందుకు" అన్నావు. అందుకే మెట్లు దిగాను. ఇంకో షాపు పెట్టాలన్న సరదాతో కాదు.

సరే, నా పని మొదలైంది. గుడ్డ వచ్చింది. అంతా పాలిస్టరే, చెమట పీల్చి ఆరిపోయే రకం. రోజుకి డెబ్బై ఎనభై అవుతున్నాయి. ఇస్త్రీ టేబులు సలహాకి ధన్యవాదాలు, నీకు రిటైరయ్యాక పనికొస్తుందని ఒకటి కొని ఉంచుతాను.

ఇట్లు,
నిలిచినది

*

జూన్ 22

మరదలు పిల్లా,

గరిట సంగతి గురించి నేనేమీ రాయను. నువ్వు చూసింది నువ్వు చూశావు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఈసారి వేళాకోళం కాదు. ఉతికిన నీ శాంపిల్ని మడిచి డ్రయ్యరు పక్కన అరలో పెట్టాను. అక్కడ ఎప్పుడూ కాస్త వెచ్చగా ఉంటుంది. ఇవాళ దుమ్ము దులుపుతూ తీసి చూస్తే చుక్క గులాబీరంగులో ఉంది. తెల్ల బట్ట పక్కన పెట్టి చూశాను. గులాబీయే. మరీ ముదురు కాదు, సిగ్గుపడ్డ తెలుపులా ఉంది.

ఇంకుల డీలరుని అడిగాను. పాలిస్టర్‌కి వేసిన ఎరుపు వేడికి లేచి, పైనున్న తెలుపులోకి పాకుతుందట. ఒక్కరోజులో కనపడదట, పది పన్నెండు రోజులు పడుతుందట. కాటన్‌లో ఇలాంటిది నేను ఎన్నడూ చూడలేదు. ఏడు ఉతుకుల్లోనూ దొరకలేదంటే మామయ్యగారి కాలంలో ఈ గుడ్డ లేదు మరి. తెలుపు కింద బూడిదరంగు అడుగుపూత ఉంటే ఎరుపుని ఆపుతుందని చెప్పాడు. ఆ రకం ఫిల్మ్ కూడా దొరుకుతుందట. నీ యంత్రం ఆపు. అంటించినవి పక్కన పెట్టు. ముందు నాలుగు చేసి, వెచ్చగా ఉన్నచోట పదిరోజులు ఉంచి చూడు.

నమ్మకపోతే నీ ఇష్టం. కింద మీ అన్నయ్య కూడా ఏదో రాస్తారట. కాగితం లాక్కుంటున్నారు.

నీ వదిన

చెల్లీ, చూశాను. తెల్లగానే ఉంది. మీ వదిన మాట పట్టించుకోకు. పంపెయ్. — అన్నయ్య

*

జూన్ 25

వదినగారికి,

నీ ఉత్తరం చదివి మొదట భయపడ్డాను. లేచి వెళ్ళి కట్టలు విప్పి చూశాను. తెలుపే. టైలరమ్మని పిలిచి చూపించాను. తెలుపే అంది. తర్వాత కింద అన్నయ్య రాసిన ముక్క చదివాను. అప్పుడు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

గులాబీరంగు నాకు కనపడలేదు, టైలరమ్మకి కనపడలేదు, కన్ను మేస్త్రికి కనపడలేదు. నీ ఒక్కదానికే కనపడింది. నేను బాగుపడుతుంటే నీ కళ్ళల్లో పడ్డ ఎరుపు అది, నా గుడ్డలోది కాదు. "ఈసారి వేళాకోళం కాదు" అన్నావు. పోయిన ఉత్తరంలో ఇస్త్రీ టేబులు కొనుక్కోమన్నప్పుడు కూడా సరిగ్గా ఈ మాటే అన్నావు. నీ మాటల్లో ఏది వేళాకోళమో ఏది కాదో తెలుసుకోవడానికి ఇంకో యంత్రం కొనాలి.

అన్నయ్య రాత చూశావా? గీతల కాగితం మీద కూడా ఒక గీతలో మొదలుపెట్టి రెండో గీతలో తేలాడు. పాపం, నువ్వు లాక్కునేలోపు రాసెయ్యాలని ఎంత హడావుడి పడ్డాడో. ఆ మనిషికి నీ ఇంట్లో ఒక్క వాక్యం రాసుకునే స్వతంత్రం కూడా లేదు.

ఆరువందలూ రేపు డెలివరీ ఇస్తున్నాను. ఇక ఈ సంగతి మీద నీ సలహాలు వద్దు.

ఇట్లు,
కన్ను మేస్త్రి చెల్లెలు

*

జూలై 6

వదినా,

గులాబీ.

ఆరువందలూ. డాక్టరమ్మ పిలిపించింది. బల్ల మీద ఒకటి పరిచి, "నీళ్ళు కలిపిన రక్తం ఎక్కిస్తామని ప్రచారం చెయ్యమంటారా?" అంది. గట్టిగా కూడా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. పరుగు ఇరవైన. పద్నాలుగు రోజులుంది. అప్పటికి తెల్లచుక్కతో ఇవ్వలేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని, ఇంక ఆసుపత్రి మెట్లెక్కవద్దని చెప్పింది. కొత్త గుడ్డ మిల్లు నుంచి రావడానికే నెల పడుతుంది.

నువ్వు చెప్పావు. నేను వినలేదు. ఆ మాట ఎన్నిసార్లు అంటావో అను, పడతాను.

కానీ నాకు ఒకటి చెప్పు. అన్నయ్య ఎలా తెల్లగా ఉందన్నాడు? నేనూ టైలరమ్మా చూసిన రోజున అది ఇంకా మారలేదు. వాడు చూసిన శాంపిల్ అప్పటికే మారిపోయింది కదా. వాడి కన్ను తప్పు చెప్పదు. నీ మీద కోపంతో నన్ను ముంచాడా? రెండ్రోజుల నుంచి ఇదే ఆలోచన. షాపు పోతుందన్న దానికంటే ఇదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

*

జూలై 7

చిన్నదానా,

ముందు పని. ఆరువందలూ గోతాల్లో కట్టి రేపటి బస్సుకి వెయ్యి. నీ చుక్క మీదే నేను స్క్రీన్‌తో బూడిదరంగు అడుగుపూత వేస్తాను. దానిమీద తక్కువ వేడికి ఆరే తెలుపు వేస్తాను. డీలరు దగ్గర రెండూ ఉన్నాయి, ఇవాళే తెప్పించాను. ఒకటే బొమ్మ, రెండు ఫ్రేములు, పన్నెండు వందల గీతలు. పది రోజుల్లో అవుతుంది. ఏడవకు.

రెండోది. ఇది రాయనని మీ అన్నయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

మీ అన్నయ్య నిన్ను ముంచలేదు. ఆయనకి నిజంగానే తెల్లగా కనపడింది. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. మూడేళ్ళయింది. తెల్లటిదంతా ఆయనకి టీ మరక పడ్డట్టు కనపడుతుంది, ఇక పక్కపక్కన రెండు తెలుపులు పెడితే తేడా ఎక్కడ తెలుస్తుంది? ఆపరేషన్ చేయించుకోమంటే కంట్లో సూది అనగానే చెమటలు పడతాయి. ఎవరికైనా తెలిస్తే షాపుకి మనిషి రాడని భయం. కన్ను మేస్త్రికి కన్ను లేదంటే ఇంకేముంటుంది అంటారు.

నువ్వు మెట్లు దిగిన రోజు సంగతి. స్కూలు వాళ్ళు అడిగింది లేత నీలం. ఆయన డబ్బాలో కలిపింది ఆకుపచ్చ. నిక్షేపంగా, నమ్మకంగా, పాటేదో కూనిరాగం తీస్తూ ఆకుపచ్చ కలుపుతున్నారు. వాళ్ళు బెంచీ మీంచి లేచి తొంగి చూడబోతున్నారు. మూత పెట్టడం తప్ప నాకు ఇంకేం తోచలేదు. నీకు కనపడింది నేను గరిట లాక్కోవడం. డబ్బాలో ఏముందో నువ్వు చూడలేదు. గయ్యాళి పెళ్ళాం అనిపించుకున్నా ఫరవాలేదు, ఆయన పేరు నిలబడితే చాలనుకున్నాను. అప్పటినుంచి రంగులు నేనే తక్కెడలో తూచి కలుపుతున్నాను. ఆయన కలిపారనే అందరికీ చెబుతున్నాను.

ఇక నా తప్పు. జూన్ ఇరవైరెండున ఆయన ఉత్తరం లాక్కుని రాస్తుంటే పక్కనే ఉన్నాను. ఏం రాశారో చదివాను. "ఆయనకి కనపడదే, నమ్మకు" అని ఇంకొక్క ముక్క కింద రాస్తే సరిపోయేది. కలం మూత కూడా తీశాను. ఆయన నా వైపు చూస్తున్నారు. ఆ చూపుకి నేను కనపడుతున్నానో లేదో కూడా తెలియదు. మూత పెట్టేసి, కవరు అంటించి పంపేశాను. ఆయన పరువు కోసం నీ ఆరువందల చొక్కాలూ తగలేశాను. నన్ను తిట్టు.

నీ వదిన

*

జూలై 8

వదినా,

గోతాలు ఆరు. ఒక్కోదాంట్లో వంద. లెక్క చూసుకో.

తిడదామని మూడుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే ఒట్టు గుర్తొచ్చి పెట్టేశాను. అందుకని రాతలోనే తిడుతున్నాను. నువ్వు మనిషివా? రెండేళ్ళు నేను నిన్ను గయ్యాళి అనీ, రాక్షసి అనీ కనపడ్డవాళ్ళందరికీ చెప్పాను. వినడానికి బాగుంటుందని కొంచెం పెంచి కూడా చెప్పాను. ఇప్పుడు వాళ్ళందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళి చెప్పాలి. టైలరమ్మ ఒక్కతే నమ్మలేదు. "అంత చెడ్డదైతే ఉత్తరం కోసం గుమ్మంలో ఎందుకు నిలబడతావమ్మా" అంది. నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఉండేదాన్ని. నీ పక్కన నిలబడి డబ్బా మీద మూతలు పెట్టేదాన్ని.

నీ జూన్ ఇరవైరెండు ఉత్తరం ఇందులో తిరిగి పంపుతున్నాను. నా దగ్గర ఉంటే మాటిమాటికీ తీసి చదువుతున్నాను. దాచి ఉంచు.

కింద రాసేది అన్నయ్యకి. నువ్వే చదివి వినిపించు. మధ్యలో మింగకు.

అన్నయ్యా, నీ కన్ను పోయినందుకు నాకు కోపం లేదు. కనపడకుండానే కనపడిందని రాసినందుకు కోపం. సూదికి భయపడేవాడివి, ఆ భయమేదో చెప్పుకోవాలి గానీ, వదినని గయ్యాళిని చేసి నువ్వు మంచివాడిలా కూర్చోవడమేమిటి? ఆపరేషన్ అయ్యేదాకా నీతో మాట్లాడను. ఇది వదినతో వేసిన ఒట్టులాంటిది కాదు, ఉత్తరాలు కూడా ఉండవు.

*

జూలై 18

గోతాల మహారాణికి,

పంపాను. ఆరు గోతాలు వస్తే ఆరే వెనక్కి. అందులో రెండు చొక్కాలు తక్కువ. ఒకటి మీ అన్నయ్య కాలికింద పడింది, ఒకటి శాంపిల్‌కి ఉంచాను. ఏడుసార్లు ఉతికాను. ఇకనుంచి ఏడు ఉతుకులతో పాటు డ్రయ్యరు పక్కన అరలో పదిరోజులని నియమం పెంచాను. మామయ్యగారు ఏమీ అనుకోరులే. ఈసారి పది దొరకలేదు. తొమ్మిదో రోజుకి తెల్లగానే ఉంది. నా కన్ను చాలదని డీలరుకీ, పక్క షాపు ఫోటోల ఆయనకీ, బిల్లు వసూలుకొచ్చిన కరెంటాయనకీ చూపించాను. ముగ్గురూ తెలుపనే అన్నారు.

నీ ముక్క చదివి వినిపించాను. మింగలేదు. ఆయన లేచి వెళ్ళి స్క్వీజీ పట్టుకున్నారు. పన్నెండు వందల గీతలూ ఆయనే లాగారు, నన్ను ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదు. ఆ పనికి కళ్ళతో పనిలేదు. ఫ్రేము మీద రబ్బరు నడిచే చప్పుడుని బట్టి ఇంకు ఎంత దిగిందో చెబుతారు. ఒకచోట ఆగి, "ఇక్కడ పల్చగా పడింది, చూడు" అన్నారు. చూశాను. పల్చగానే ఉంది. నాలుగో రోజున స్క్వీజీ దించి, "డాక్టరుని ఎప్పుడు కలవాలో కనుక్కో" అన్నారు. కనుక్కున్నాను. జూలై ముప్పైన మొదటి కంటి ఆపరేషన్. అప్పటినుంచి ఇంట్లో కుట్టు సూది కనపడినా పక్క గదిలోకి వెళ్ళిపోతున్నారు.

హలో అనగానే పెట్టేసింది నువ్వేనని తెలుసు. మూడోసారి హలో అనకుండా నాలుగు తిట్టాను, వినపడ్డాయా?

ఇట్లు,
బూడిదరంగు అడుగుపూత

*

జూలై 21

వదినా,

పరుగు అయింది. సగం దారిలో వాన పట్టుకుంది. నేను వీధి చివర గొడుగేసుకుని నిలబడ్డాను. వచ్చిన ప్రతి చుక్కనీ చూశాను. తడిసి ముద్దయిపోయిన ఆరువందల ఎర్రచొక్కాలు, ఒక్క చుక్కా రంగు మారలేదు. ఐదువందల తొంభై ఎనిమిది, సరే. మిగతా ఇద్దరికీ టోపీలిచ్చి సర్దాను. డాక్టరమ్మ నా గొడుగులోకి వచ్చి, "ఇవి ఎవరు సరిచేశారు?" అంది. మా వదిన అన్నాను. "కన్ను ఉన్న మనిషి" అంది. నేను నవ్వడం చూసి ఆవిడకి ఏమీ అర్థం కాలేదు.

యూనిఫాంలు మనకే. మనకే అని రాశాను, చదువుకో. కాటన్ కోట్లన్నీ స్క్రీన్ మీద నువ్వు. పేర్లున్నవీ, ఒకటీ రెండూ కావాల్సినవీ నా యంత్రం మీద నేను. వానకోట్లు ఎవరూ ముట్టుకోరు.

ఆ తిట్లు వినపడ్డాయి. నాలుగు కాదు, ఆరు.

నీ ఆడపడుచు

*

ఆగస్టు 9

అమ్మాయీ,

మీ అన్నయ్యకి రెండో కంటి కట్టు కూడా విప్పారు. మొదటి కంటికి ఆయన అరిచిన అరుపుకి పక్క మంచం మీద ముసలాయన ఆపరేషన్ వద్దని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సూది ఇంకా గది బయటే ఉంది అప్పటికి. రెండోదానికి మాత్రం పెద్దమనిషిలా పడుకున్నారు.

ఇంటికి రాగానే నన్ను చూస్తారనుకున్నావా? గోడకి తగిలించిన రంగుల అట్టలు చూశారు. రెండేళ్ళ నుంచి నేను తూచి తూచి కలిపినవన్నీ. "ఈ నీలం ఎవరు కలిపారు? నలుపు ఒక చుక్క ఎక్కువైంది. ఈ పసుపేమిటి, జబ్బు చేసినట్టుంది?" అని ఒక్కొక్కటీ పీకి బల్ల మీద పడేశారు. "మీరే కలిపారు. ఊళ్ళో ఎవరినైనా అడగండి" అన్నాను. నాకు ఎంత కోపం వచ్చిందో అంత సంతోషం కూడా వేసింది. నీలంలో నలుపు నిజంగానే ఎక్కువైంది, నాకు అప్పుడే తెలుసు.

తర్వాత అరలు సర్దుతూ నీ జూన్ శాంపిల్ తీశారు. కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు, ఉన్నచోటే నిలబడి, "ఇది గులాబీ కదా. దీన్ని తెలుపని పంపమన్న గుడ్డివాడెవడు?" అన్నారు.

నువ్వు తిరిగి పంపిన ఉత్తరం బీరువాలోంచి తీసి చేతికిచ్చాను. నేను రాసింది చదివారు. కింద తన రాత చదివారు. ఒక గీతలోంచి ఇంకో గీతలోకి జారిపోయిన ఆ ముక్కని వేలితో మొదటినుంచి చివరిదాకా తడుముకుంటూ చాలాసేపు కూర్చున్నారు. టీ ఇస్తే తాగలేదు. నాకు జాలేసింది, నువ్వూ నేనూ ఇన్నాళ్ళూ పడ్డది గుర్తొచ్చి ఆ జాలిని కాస్త పక్కన పెట్టాను.

ఇప్పుడు ఈ కాగితం కూడా అడుగుతున్నారు. ఈసారి లాక్కోవడం లేదు, చెయ్యి చాచి అడుగుతున్నారు. ఇస్తున్నాను.

నీ వదిన

చెల్లీ, చూశాను. గులాబీరంగు. మీ వదిన మాట విను. — అన్నయ్య